చారన్నము పెట్టు మెస్సులు

హైదరాబాదున చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయము నుండి అశోక్‌నగర్ వైపు మధ్యాహ్నము ఒంటిగంట వేళ నడచువారికి, పోటీ పరీక్షలకై పల్లెలు విడిచి వచ్చిన యువకులు పుస్తకములు చంకనిడుకొని ఇరుకైన మెస్సుల మెట్లెక్కుచుండుట నిత్యమును కనబడు దృశ్యము. పప్పు, కూర, పచ్చడి, పెరుగు ఏ హోటలునందైనను లభించును. ఆ మెస్సు మంచిదా కాదా యని నిర్ణయించునది మాత్రము బకెట్టులో పొగలు గ్రక్కుచు వచ్చు చారు.

చూచుటకు అతిసామాన్యమైన పదార్థమే యైనను చారు కాచుట యొక విద్య. చింతపండు పులుసు పచ్చివాసన పోవువరకు మరిగి, ఉడికిన కందిపప్పుపై తేరిన కట్టు అందు కలిసి, కచ్చాపచ్చాగా దంచిన మిరియము, జీలకఱ్ఱ, వెల్లుల్లి పడిన పిమ్మట, తొలి పొంగు వచ్చుచుండగనే గిన్నె దింపవలెను. అంతకు మించి మరిగెనేని సువాసన ఆవిరితో పోయి, పులుపును కారమును మాత్రమే మిగులును. ఇంగువ, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకుల పోపు వడ్డనకు కొంచెము ముందుగా పడవలెను. ఈ అదను తెలిసిన వంటవాడు నూరుమందికి కాచిన చారు ఇంటి చారునకు తీసిపోదు. కృష్ణా, గుంటూరు సీమలలో ఎడ్లకు దాణాగా ఉడికించిన ఉలవల నీటినుండి పుట్టిన ఉలవచారు నేడు సీసాలకెక్కి, పెండ్లి విందులలో మీగడతోడి మర్యాద నందుచున్నది, సంతోషమే. కాని జ్వరము తగ్గి నోరు చేదుగా నున్నవానికి, అయినవారికి దూరమై గదిలో ఒంటరిగా నున్న విద్యార్థికి ప్రాణము లేచివచ్చునది పలుచని మిరియాల చారుతోనే.

ఇట్టి మెస్సులు పేటపేటను తరిగిపోవుచున్నవి. అద్దెలు పెరిగి, నలుగురు కూర్చుండి తినుటకు తావు చాలక, వాని స్థానమున కర్రీ పాయింట్లు వెలయుచున్నవి. పనినుండి అలసి వచ్చిన దంపతులకు అవి చేయు ఉపకారమును నేను కాదనను. అయినను మరుగుచున్న చారును ప్లాస్టిక్ కవరులో పోసి ముడివేయుటవలన రుచికిని ఆరోగ్యమునకును కలుగు కీడు అటుండగా, అంతకు మించిన నష్టము వేరొకటి కలదు: మారు వడ్డన పోయినది. విస్తరి ముందున్న వాని ముఖము చూచి, అడుగకయే ఇంకొక గరిటె పోయు వడ్డనవాడు, గ్లాసులో చారు పోయించుకొని మెల్లగా త్రాగు వృద్ధుడు, ఆ వృద్ధుడు రెండు దినములు రాకున్న ‘పెద్దాయన కేమైనదో కనుక్కోండిరా’ యని పనివానిని పంపు యజమాని, వీరు కవరులో కట్టి ఇంటికి తెచ్చుకొనదగినవారు కారు.

2014లో హైదరాబాదునందు 5 రూపాయల అన్నపూర్ణ భోజనములు, 2018లో ఆంధ్రప్రదేశమున అదే ధరకు అన్న క్యాంటీన్లు వెలసినవి. నడుమ మూతపడిన ఆ క్యాంటీన్లు 2024లో మరల తెఱచుకొనుట ఎంతయు శ్లాఘనీయము. ఆకలిగొన్నవారి భారము ప్రభుత్వము వహింపవలసినదే. కాని ఆ వరుసలో నిలుచుటకు సంకోచించువారు, పెద్ద హోటలు బిల్లు చెల్లింపలేనివారు, చిల్లర జీతముల గుమాస్తాలు, పింఛనుతో ఒంటరిగా బ్రదుకువారు ప్రతి పట్టణమునను అసంఖ్యాకముగా నున్నారు. వారి మధ్యాహ్నము ఆ చిన్న మెస్సు యజమాని దయపై ఆధారపడియున్నది.

పురపాలక సంఘములు తమ వాణిజ్య సముదాయములలోని గదులను వేలమున హెచ్చు పాటదారునకే కట్టబెట్టుచున్నంత కాలము, సెల్‌ఫోన్ల అంగడితో మెస్సు పోటీపడజాలదు. కావున ప్రతి సముదాయమునను ఒక గదిని వేలమునుండి తప్పించి, భరింపదగిన స్థిరమైన అద్దెకు భోజనశాలకే కేటాయింపవలెను. తినువారు కూర్చుండుటకు బల్లలు, మంచినీరు, చేతులు కడుగుకొను తావు, మారు వడ్డన: అద్దె తగ్గించినందులకు ఈ నాలుగే షరతులుగా ఒప్పందమున వ్రాయించుకొనవలెను.