ఒక్క మెతుకు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. కాని ఆ మెతుకు గిన్నెలో ఎక్కడిది?

గుంటూరు జిల్లాలో 15-49 ఏండ్లవారిలో హెచ్.ఐ.వి. సోకినవారు సుమారు 1,12,600 మంది అని ఒకప్పటి అంచనా. అది ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన గర్భిణులను, సుఖవ్యాధులవారిని పరీక్షించి కట్టిన లెక్క. అనుమానమున్న వారిని ప్రైవేటు ఆసుపత్రులు అక్కడికే పంపేవి. పేదలూ అక్కడికే పోయేవారు. 2004-05లో ఇళ్ళవారీగా ఎంచుకొన్న 12,617 మందిని పరీక్షిస్తే, అంచనా 45,900కు దిగింది. అదివరకు మనం పట్టి చూసింది అడుగు మెతుకన్నమాట!

అది చదివి నేను "అమ్మయ్య" అనుకొన్నాను. వెంటనే సిగ్గువేసింది. తగ్గింది అంకె గాని, రోగులు కారుగదా! మందులు ఎందరికి కావాలో సరిగా తెలిసింది. ఇక అందరికీ అందాలి.