జోజప్ప పండుగ లెక్కల్లో బడికో పద్దు

మార్చి 19న మా ఊళ్ళో జోజప్పగారి పండుగ. ఇంకా నెలల వ్యవధి ఉన్నా కరపత్రం నమూనా అప్పుడే ఫోన్లలో తిరుగుతోంది. మార్చి 10 నుంచి నవదిన ప్రార్థనలు. ఏ రోజు పూజ ఏ గురువులది, ఆ రోజు ఖర్చు ఏ వీధివాళ్ళది, తేరు ఎన్నింటికి కదులుతుంది, బ్యాండు ఏ ఊరిది, అన్నీ ఉన్నాయి. లైటింగు దాతలవీ, బాణసంచా దాతలవీ పేర్లు ఫోటోలతో సహా వేశారు. అట్టడుగున ఒకే ఒక్క వరుస: ఆర్‌సీఎం ఎలిమెంటరీ స్కూలు పిల్లలచే సాంస్కృతిక కార్యక్రమాలు.

మా విచారణలో, అంటే మా పారిష్‌లో, బడి గురించి ఊరికి చెప్పేది ఏటా ఆ ఒక్క వరుసే. నేను ఆ బడిలోనే పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యాను. నేను వదిలిన పోస్టులోకి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బడిలో చెప్పుకోవాల్సిన కబుర్లు చాలా ఉన్నాయి. ఈ వారం పిల్లలు పశువుల పాక కడుతున్నారు. వరిగడ్డి ఒకరింటి నుంచి, చెరువుమట్టి ఒకరింటి నుంచి తెచ్చారు. క్రిస్మస్ నాటికలో గబ్రియేలు దూత వేషం మూడో తరగతి చదివే దూదేకుల పిల్లది. మంగళవార్త మాటలు ఒక్క తప్పు లేకుండా చెబుతుంది. వాళ్ళ అమ్మ దగ్గరుండి రెక్కలకు తెల్లగుడ్డ కుడుతోంది. మా బడిలో సగానికి పైగా పిల్లలు క్రైస్తవులు కారు. మేమెప్పుడూ ఆ లెక్క చూడలేదు. సత్యోపదేశం గంటలో వాళ్ళకు నీతికథలు చెప్పేవాళ్ళం.

ఊరికి తెలియాల్సిన అసలు కబురు ఇంకొకటుంది. సంక్రాంతి దాటాక మిరపకోతలు ఊపందుకుంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ట్రాక్టర్లలో, ఆటోల్లో మా గుంటూరు వైపు దిగుతాయి. పొలాల గట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెలు లేస్తాయి. పెద్దవాళ్ళు కాయ కోస్తుంటే పిల్లలు చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ ఎత్తుకుని గట్టుమీద కూర్చుంటారు. ఆ పిల్లల్ని గుడిసె గుడిసెకూ వెళ్ళి బడికి తీసుకొచ్చేవాళ్ళం. కొందరికి అక్షరాలు వచ్చి ఉంటాయి, కొందరికి పలక పట్టడమే కొత్త. కనీసం మధ్యాహ్నం వేడన్నం, గుడ్డు దొరుకుతాయని తల్లులు పంపేవాళ్ళు. "బిడ్డ నీడపట్టున ఉంటాది టీచరమ్మా, అంతే చాలు" అని ఒక తల్లి నాతో అంది. ఆమెకు అంతే చాలు కావచ్చు. నాకు చాలదనిపించింది. రెండు మూడు నెలల్లో గుణింతాలు పట్టుబడేలా చెప్పగలం, చెప్పాం కూడా. కానీ దానికి ఒక మనిషి ఉండాలి.

ఇప్పుడున్నది హెడ్మాస్టరు గారొక్కరే. పొద్దున హాజరు ఫోన్లో ఎక్కించాలి, భోజనం వివరాలు ఎక్కించాలి, ఆ తర్వాత ఐదు తరగతులు. విచారణ గురువులు తమ చేతి డబ్బుతో ఒక డిగ్రీ చదివిన అమ్మాయిని పెట్టారు. ఆ జీతంతో ఆమె ఎన్నాళ్ళుంటుంది? అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కోతల కాలంలో మా బడికి ఇద్దరు కూడా చాలరు.

మాది ప్రభుత్వం జీతాలిచ్చే ఎయిడెడ్ బడి. పోస్టులు నింపాల్సింది ప్రభుత్వమే. ఆ మాట అడగడం మనం మానకూడదు. 2021 ఆగస్టులో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించడం మీద ఉత్తర్వులు వచ్చినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ నవంబరులో ప్రభుత్వం నాలుగు దారులు చూపించి, ఎయిడెడ్‌గానే కొనసాగడం కూడా అందులో ఒకటంది. మా యాజమాన్యం కొనసాగుదామనే అంది. మేం సంతోషించాం. అయితే కొనసాగడమంటే తాళం తీసి ఉంచడమొక్కటే కాదు గదా. టీచర్లు ఒక్కొక్కరే రిటైరవుతుంటే, ఇళ్ళ ముందుకొచ్చే ప్రైవేటు వ్యాన్లలోకి పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతుంటే, గుడి పక్కనే ఉన్న బడిని మనం చూడకుండా తేరు లాగుతున్నాం.

పండుగ ఖర్చు కొంత తగ్గించి బడికి పెడదామంటే, మరియమ్మకూ జోజప్పకూ చేసేదాన్ని తగ్గించమంటావా అని మా బంధువుల్లోనే కొందరు కోప్పడ్డారు. పూజ తగ్గించమనను, తేరు ఆపమనను. నేనూ ఆ తొమ్మిది రోజులూ గుడిలోనే ఉంటాను. కానీ జోజప్ప పండుగ వచ్చేది తపస్సు కాలంలో. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టుకుని, ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అని విన్నవాళ్ళం మనమే. ఆ నలభై రోజుల మధ్యలో గంటసేపు కాల్చేసే బాణసంచాకి పెట్టే డబ్బుతో ఒక టీచరుకి కొన్ని నెలలైనా గౌరవమైన జీతం ఇవ్వొచ్చు. యేసుబాలుణ్ణి పెంచి, పని నేర్పిన వడ్రంగి పండుగ అది. పిల్లల చదువుకి ఖర్చు పెడితే ఆయనకు ఏం తక్కువవుతుంది?

మనకు దారి చూపినవాళ్ళు బయటివాళ్ళేమీ కాదు. మదర్ జ్ఞానమ్మ ఫిరంగిపురం ఆడపడుచు, 1822లో పుట్టింది. భర్త పోయాక, 1863లో, మద్రాసు దగ్గర తెలుగు కతోలికులున్న కీలచేరిలో ఆడపిల్లలకు బడి పెట్టింది. వితంతువు గడప దాటితేనే వేలెత్తి చూపే రోజులవి. పునీత అన్నమ్మ మఠకన్యల సభలకు ఆమే మూలం. 2014లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించినప్పుడు మన ఊళ్ళన్నీ ఫ్లెక్సీలు కట్టాయి. ఆమె పేరు చెప్పుకునే విచారణల్లో బడి కరపత్రం అడుగున ఉండటం నాకు బాధగా ఉంది.

నేను కోరేది చిన్నది. ఈసారి కరపత్రంలో బడి కబుర్లు ఒక పేజీ వేయండి. ఎంతమంది పిల్లలున్నారు, ఎవరు చెబుతున్నారు, కోతల పిల్లలు ఎప్పటి నుంచి వస్తారు, వాళ్ళకు పలకలూ చెప్పులూ ఎవరివ్వగలరు, జూన్‌లో చేరికలు ఎప్పుడు, అన్నీ రాయండి. హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మన పిల్లలు లైటింగుకి పంపినట్టే దీనికీ పంపుతారు. వాళ్ళలో చాలామంది ఓనమాలు దిద్దింది ఈ బడిలోనే, కొందరి చెయ్యి పట్టి దిద్దించింది నేనే. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

జనవరి మొదటి ఆదివారం రెండో పూజయ్యాక పండుగ కమిటీ కూర్చుంటుంది. లెక్కల పుస్తకంలో బ్యాండు, బాణసంచా పద్దుల పైన టీచరు జీతమని ఒక పద్దు రాయమని అడగబోతున్నాను. మొదటి చందా నా పింఛనులోంచి ఇస్తాను. దూత రెక్కలు కుడుతున్న ఆ తల్లి కూడా నాతో వస్తానంది.