పనికి కుదిరే ముందు

బోధన్ నుంచి ఒక తల్లి గత నెల మాకు ఉత్తరం రాశారు. కొడుకు ఎలక్ట్రీషియన్. సౌదీలో పని ఇప్పిస్తానని నిజామాబాద్‌లో ఒక ఏజెంటు పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఇరవై వేలు కూడా తీసుకున్నాడు, రశీదు ఇవ్వలేదు. కంపెనీ పేరు అడిగితే వీసా వచ్చాక తెలుస్తుందన్నాడట. ఇంకా ఎనభై వేలు కావాలి. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చేయించుకున్న గాజులు అమ్మనా అని ఆ సోదరి అడిగారు. ఉత్తరం చివర ఉన్న మాట మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది: పని ఇచ్చేవాళ్లను ఇన్ని ప్రశ్నలు అడిగితే కోపం వచ్చి పిల్లవాణ్ణి తీసేయరు కదా?

ఈ భయం ఆ ఒక్క ఇంటిది కాదు. నిజాం కాలంలో, 1930ల చివర, బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. అందులో పనికి కుదిరినవారికి యజమాని ఎవరో వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. గేటు, ఆఫీసు, క్వార్టర్లు అన్నీ కళ్లెదుటే. పర్మినెంటు కార్మికుడెవరో, చెరకు గానుగాడే సీజనుకు మాత్రమే వచ్చేవాడెవరో ఊరందరికీ తెలుసు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు మన పిల్లల యజమాని సముద్రం అవతల ఉన్నాడు, మధ్యలో ఏజెంటు నిలబడి ఉన్నాడు. అప్పుడు కంటితో చూసి తెలుసుకున్నదంతా ఇప్పుడు కాగితం మీద చూసి తెలుసుకోక తప్పదు.

దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక నియామకం వివరంగా ఉంది. ఖసస్ సూరాలో చూడండి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు వదిలి ఒంటరిగా మద్‌యన్ చేరారు. బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు తోడి పెట్టి, నీడకు వెళ్లి కూర్చున్నారు. కూలి అడగలేదు. అయినా, చేసిన పనికి ప్రతిఫలం ఇస్తానని ఆ యువతుల తండ్రి కబురు పంపారు. పనిలో పెట్టుకోమని కూతురు సలహా ఇస్తూ రెండే గుణాలు ఎత్తి చెప్పింది: బలం, నమ్మకం. అప్పుడు ఆ పెద్దాయనే ముందుగా షరతులు విప్పి చెప్పారు. తన కుమార్తెతో వివాహం, అందుకు ఎనిమిదేళ్ల సేవ. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా ఇష్టం. కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదని కూడా అన్నారు. మూసా రెండు గడువులనూ తిరిగి పలికి, అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకుని ఒప్పుకున్నారు. తలదాచుకునే చోటు లేని పరదేశికి సైతం గడువెంతో, బదులుగా ఏమిస్తారో ముందే తెలిసింది. కూలి ఎంతో చెప్పకుండా మనిషిని పనిలో పెట్టుకోవద్దని దైవప్రవక్త (సఅసం) వారించినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. కాబట్టి అడగడం అవిధేయత కాదు. చెప్పవలసిన బాధ్యత పని ఇచ్చేవాడిదే.

మరి ఏమి అడగాలి? మొదట ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు. 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదైనవారే విదేశీ కొలువులకు మనుషులను ఎంపిక చేయాలి. వారి పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు ఎంత దగ్గరి చుట్టమైనా ఆ జాబితాలో లేకపోతే లెక్కలోకి రాడు. తర్వాత, యజమాని ఇచ్చిన డిమాండ్ లెటరు: ఏ కంపెనీ, ఏ పని, ఎందరు, జీతమెంత. సేవా రుసుముగా ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు; రశీదు ఇచ్చి తీరాలి. సౌదీ కార్మిక చట్టమైతే నియామక ఖర్చు, ఇఖామా, వర్క్ పర్మిట్ రుసుములు యజమానే భరించాలంటోంది. ఎమిరేట్స్‌లో ఆఫర్ లెటరును అరబీ, ఇంగ్లీషుతో పాటు కార్మికుడికి అర్థమయ్యే భాషలోనూ ఇవ్వాలన్న నియమం 2016 నుంచి ఉంది. ఆ భాషల్లో ఉర్దూ ఒకటి. చదవగలిగిన భాషలోనే అడిగి తీసుకోండి.

ట్రేడ్ టెస్టు న్యాయమైనదే. వైరింగ్ వచ్చో రాదో చూసుకునే హక్కు యజమానికి ఉంది. కానీ లేని ఐదేళ్ల అనుభవానికి సర్టిఫికెట్ పుట్టిస్తామంటే ఒప్పుకోకండి. అక్కడ పోయేది ఆ రెండో గుణం. మెడికల్ పరీక్షకు డబ్బు కట్టే ముందు ఒప్పందం చూడండి. పరీక్షలో నెగ్గినంత మాత్రాన కొలువు వచ్చినట్టు కాదు. జీతంలో మూలవేతనమెంత, ఓవర్‌టైమ్ ఎలా లెక్కిస్తారు, తిండి, వసతి ఎవరివి, సెలవుకు టికెట్ ఎవరిది అన్నవి ఒప్పందంలోనే ఉండాలి. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని బఖరా సూరాలో అంత పెద్ద ఆయతు ఉంటే, రెండేళ్ల జీవితాన్ని నోటిమాట మీద వదిలేస్తామా?

పదో తరగతి పాసు కానివారు గల్ఫ్‌కు వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. దానితో పాటు పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. పాసైనవారికి ఆ అనుమతి అక్కర లేదు. దీన్ని సౌకర్యమనుకుంటారు గానీ, వారి కాగితాలను ప్రభుత్వం తరఫున సరిచూసేవారు లేరని కూడా అర్థం. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరవచ్చని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ నియామకాలు చేస్తుంది. ముందు అక్కడ విచారించడం మంచిది.

ఆ సోదరికి మేము రాసింది ఇంతే: గాజులు అమ్మకండి, ముందు పాస్‌పోర్టు అడిగి తీసుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి, తాకట్టు వస్తువు కాదు. ఆమె జవాబు మొన్ననే వచ్చింది. నంబరు అడిగేసరికి ఏజెంటు విసుక్కున్నాడట. పెద్దమనుషులు ఇద్దరు తోడు వెళ్లాక పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. ఇరవై వేల కోసం ఇంకా తిరుగుతున్నారు.