ఏడు రోజుల ఊరు

డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) శిబిరం ఎలా ఉంటుందో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బడి గోడకు ఫ్లెక్సీ కడతారు, వయ్యారిభామ కలుపు పీకుతారు, మొక్క నాటుతూ ఫొటో దిగుతారు. ఏడో రోజు సర్పంచికి శాలువా కప్పి బస్సెక్కుతారు. ఆ మొక్కకు నీళ్లు పోసేదెవరో ఊరే తేల్చుకోవాలి. గాంధీ శతజయంతి వేళ, 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఈ పథకానికి సమయం చాలకపోవడమేమీ లేదు. రెండేళ్లలో 240 గంటల సేవ నిబంధనల్లోనే ఉంది. ఆ గంటలు దినోత్సవాలకూ ర్యాలీలకూ చిల్లరగా ఖర్చయిపోతున్నాయి. ఒకే ఊరు, ఒకే పని అన్న పట్టింపు లేదు. అలాంటప్పుడు నాయకత్వమంటే మైకు పట్టుకోవడమేనని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

ఊళ్లో ఉండి పనిచేయడమేమిటో ఆదిలాబాద్ ఎనభై ఏళ్ల కిందటే చూసింది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి మూలం వెతకమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టారు, గోండి నేర్చారు, భూమి పట్టాలు ఇప్పించేదాకా వచ్చారు. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం అక్కడే నడిచింది. ఆయన సర్కారు మనిషే, నిజమే. అయినా ఊరివాళ్లను పనిమంతులను చేశారు.

'విద్యార్థులను ఊళ్లోకి పంపితే రాజకీయాలు అంటుకుంటాయి' అన్న భయం గాలిమాట కాదు. 1978లో 'గ్రామాలకు తరలండి' అంటూ విద్యార్థులు వెళ్లింది ఈ జిల్లాలకే. వెట్టినీ దొరల భూములనూ కళ్లారా చూశారు. సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. తిరిగిరాని యువకులెందరో. కానీ భూమి గురించి అడగడానికి అప్పుడు లేని దారి ఇప్పుడు చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమి హక్కు దరఖాస్తుకు ఊరి పెద్ద చెప్పిన మాట రాతపూర్వకంగా ఉంటే అదీ ఆధారమే. ఉట్నూరు వైపు ఒక గూడెంలో ముసలాయన గోండిలో చెబుతుంటే, ఆ భాష తెలిసిన విద్యార్థి తెలుగులో రాసి, తిరిగి చదివి వినిపించి, వాగు పేరు తప్పుపడితే దిద్ది, వేలిముద్ర తీసుకోవాలి. గ్రామసభ తిరస్కరిస్తే 60 రోజుల్లో పైకమిటీకి వెళ్లొచ్చని చెప్పాలి. ఇందులో జెండాల పని లేదు.

చదువు పాడవుతుందన్న అభ్యంతరం లెక్కకు నిలవదు. 240 గంటలను రెండేళ్లకు పంచితే వారానికి రెండున్నర గంటలు కూడా రావు. ఈ పనిని ఊరే బేరీజు వేయాలి. అయితే మార్కులు సర్పంచి చేతిలో పెడితే పక్షపాతం వస్తుందన్నదే అసలైన ఇబ్బంది. అందుకే ఒక్కడి చేతిలో పెట్టకూడదు. విద్యార్థి తన పనిని గ్రామసభలో నిలబడి చెప్పాలి, అడిగినవాళ్లకు జవాబివ్వాలి. శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాలు దీన్ని రేపే మొదలుపెట్టొచ్చు: ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్ మీద ప్రిన్సిపాల్ సంతకం పక్కన ఆ ఊరి గ్రామసభ తీర్మానం నంబరు వేస్తే చాలు.