చుక్కను చూస్తే సరిపోదు

మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్ కావాలనుకుంటున్నారా? అయితే ఎప్పుడో ఒకప్పుడు రాడార్ సిమ్యులేటర్ ముందు నిలబడతారు. చీకటి గది, తెర మీద చుక్కలు. ‘ఇదేముంది, వీడియో గేమే కదా! సర్టిఫికెట్ చేతికొస్తే చాలు’ అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. నేనైతే ఆ మాట ఒప్పుకోను. నౌకను ఢీకొట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే వీలు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

1956 జులై 25 రాత్రి అమెరికాలోని నాన్‌టకెట్ దీవి దగ్గర, పొగమంచులో ఇటలీ నౌక ఆండ్రియా డోరియా, స్వీడన్ నౌక స్టాక్‌హోమ్ ఢీకొన్నాయి. 51 మంది చనిపోయారు. రెండింట్లోనూ రాడార్ పనిచేస్తూనే ఉంది. ఒకరినొకరు ముందే చూసుకున్నారు కూడా! కానీ ఆండ్రియా డోరియాలో ఎదుటి నౌక కదలికను ప్లాట్ చేయలేదు. ఎడమకు ఓ నాలుగు డిగ్రీలు తిప్పి ఊరుకున్నారు. అంత చిన్న మలుపు అవతలివాళ్ల తెర మీద మలుపులా కనిపించదు. అటు స్టాక్‌హోమ్ కుడికి తిరిగింది. ‘రాడార్ సాయంతో గుద్దుకున్నారు’ అని నావికులు వెటకారం చేసేది ఇలాంటి ప్రమాదాల గురించే.

పాతకాలం సంగతి అనుకోకండి. 2017 జూన్‌లో జపాన్ దగ్గర అమెరికా యుద్ధనౌక ఫిట్జ్‌జెరాల్డ్ ఒక కంటైనర్ నౌకను ఢీకొని ఏడుగురు నావికులు చనిపోయారు. డ్యూటీలో ఉన్నవాళ్లకు రాడార్ ప్రాథమిక అంశాలే సరిగా తెలియవని ఆ నౌకాదళమే తేల్చింది.

అరకొర రాడార్ సమాచారంతో ఊహలకు పోవద్దు, మలుపు ఎదుటివాళ్లకు తెలిసేంత పెద్దదిగా ఉండాలి... 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు చెప్పేది ఇదే. పుస్తకంలో రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. సిమ్యులేటర్‌లో మాత్రం చెమటలు పడతాయి. ఎదురుగా ఒక చుక్క. బేరింగ్ మారడం లేదు, దూరం తగ్గుతోంది. ఢీకొనే దారిలో ఉన్నారన్నమాట. ‘ఐదు డిగ్రీలు తిప్పి చూద్దాంలే’ అనుకుంటారు. ఎదుటి నౌక కూడా తిరిగిందనుకోండి, ఆర్పా లెక్క మళ్లీ కుదురుకోవడానికి దాదాపు మూడు నిమిషాలు పట్టొచ్చు. ఇద్దరూ 15 నాట్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే ఈలోగా మధ్య దూరం మైలున్నర తగ్గిపోతుంది! ఒక్కసారి అలా ఇరుక్కుంటే తర్వాత నుంచి ముందే, గట్టిగా తిప్పడం అలవాటవుతుంది.

సిమ్యులేటర్ సముద్రానికి సాటిరాదు, నిజమే. మన తీరంలో వేటకెళ్లే చిన్న ఫైబర్ పడవలు రాడార్‌లో సరిగా కనిపించకపోవచ్చు. వాటికి కళ్లే దిక్కు. చుక్కను ఎంతవరకు నమ్మాలో తెలిస్తేనే కిటికీలోంచి చూడాలన్న ఆలోచన వస్తుంది.

అందుకే శిక్షణ కేంద్రానికి వెళ్లినప్పుడు ఫీజు, ప్లేస్‌మెంట్లతో పాటు ఇవీ అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది? నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు? రికార్డింగ్ వెనక్కి తిప్పి తప్పు చూపిస్తారా? ఒకరు తిప్పుతుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూసే చోటైతే, ఫీజు సగమే అన్నా చేరకండి.