కళాశాలకు ఏ కెమెరా?

మన వార్షిక సంచికలో విద్యార్థుల ముఖాలు చీకటిలో కలిసిపోరాదన్నదే మా ఆకాంక్ష. స్వల్ప ధనంతో పాత డిజిటల్ కెమెరా కొనదలచిన కళాశాలకు రెండు మార్గాలున్నవి: 2010లో వెలువడిన నికాన్ డి3100, 2011లో వచ్చిన కెనాన్ 1100డి.

మొదటిదానికి 142 లక్షల పిక్సెళ్లు, రెండవదానికి 122 లక్షలు. వీడియోలోను నికానుదే పైచేయి. అయితే అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎ4 పుట నిండా అచ్చు వేయుటకు 87 లక్షల పిక్సెళ్లు చాలును. కావున ఆ అంకెల పోటీ మనకు అనవసరం.

అసలు భేదం లెన్సు వద్ద ఉన్నది. డి3100లో ఫోకస్ మోటారు లేదు. చౌకగా దొరికే పాత 50 మి.మీ. ఎఎఫ్-డి లెన్సును దానికి తగిలించినచో చేతితోనే ఫోకస్ చేసుకొనవలెను. కెనాన్ వారు 1987లో ఇఎఫ్ పద్ధతిని ప్రవేశపెట్టిననాటి నుండి మోటారును లెన్సులోనే అమర్చినారు. చోడవరంలో రాత్రివేళ ముషాయిరాకైనను, బెల్లపు పొయ్యి వెలుగుకైనను ఎఫ్/1.8 లెన్సే అక్కరకు వచ్చును. కెమెరాతో జతగా వచ్చే 18-55 లెన్సు కంటె అది ఎన్నో రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును.

కావున కెనాన్ 1100డిని, దానితోపాటు 50 మి.మీ. లెన్సును కొనవలెనని కమిటీ పెద్దలకు మా మనవి. కొన్న పిదప దానిని బీరువాలో తాళము వేసి ఉంచక విద్యార్థుల చేతికి ఇవ్వవలెనని మరియొక మనవి.