ఆ రెండు గంటలూ అడిగి తీసుకోండి!

పొద్దుటి హడావుడి అయ్యిందా? పిల్లలు బడికీ, మీవారు ఆఫీసుకీ వెళ్ళారా? అయితే ఓ పది నిమిషాలు ఇలా కూర్చోండి. ఈ వారం కబుర్లు కాస్త పొడుగే మరి!

మొన్న గురువారం మధ్యాహ్నం మా మేడ మీద వాటాలో ఉండే అమ్మాయి కిందికి దిగి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె ఉంటే పెరుగు తోడు కోసమనుకున్నాను. గిన్నె గట్టు మీద పెట్టేసి, "పిన్నిగారూ, ఓ మాట చెప్తాను, నవ్వకూడదు" అంది.

"చెప్పమ్మా."

"నాకు ఎమ్.సి.ఎ. చదవాలనుంది."

నేను నవ్వలేదు. ఎలా నవ్వుతాను? నా 31వ ఏట ఇదే మాట నేనంటే ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను!

ఆ అమ్మాయికి 36 ఏళ్ళు. బి.ఎస్సి. లెక్కల్లో ఫస్టు క్లాసు. పెళ్ళయి 14 ఏళ్ళయింది. పిల్లాడు ఎనిమిదో క్లాసు, పిల్ల ఐదో క్లాసు. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. డిగ్రీ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల అడుగున ఉందిట. "చీరలనైనా ఏడాదికోసారి తీసి గాలికి ఆరేస్తాం పిన్నిగారూ, దాన్ని తీసిందే లేదు" అంది.

"ఇంట్లో ఏమన్నారు?" అనడిగాను.

"ఆయన 'చదువుకో, ఎవరొద్దన్నారు?' అన్నారు. అత్తయ్యగారు 'నీ ఇష్టమమ్మా, ఇంటి పని మాత్రం కుంటుపడకుండా చూసుకో' అన్నారు. ఎవరూ కాదనలేదు పిన్నిగారూ. కానీ ఎప్పుడు చదవాలో అదే తెలీడం లేదు."

చూశారా? అసలు చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. "ఎవరొద్దన్నారు?" అంటే అనుమతి ఇచ్చినట్టే గానీ, సమయం ఇచ్చినట్టు కాదు. చదువుకోమనడం వేరు, రాత్రి అంట్లు నేను తోముతాననడం వేరు. మొదటిది దొరికిందన్న సంబరంలో రెండోది అడగడం మనం మర్చిపోతాం. నేను మర్చిపోయాను. దాని ఖరీదు కూడా చెల్లించాను.

అది 1998. అప్పట్లో ఎమ్.సి.ఎ. మూడేళ్ళ కోర్సు. దూరవిద్యలో చేరాను. ఆదివారాలు బస్సెక్కి స్టడీ సెంటరుకి వెళ్ళడం, ఇంట్లో కంప్యూటరు లేదు గనక గంటకింత అని కట్టి బయట ప్రాక్టీసు చేయడం... ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. ఇంటి పనిలో వెంట్రుకంత లోటు రానివ్వకూడదని పంతం పట్టాను, అదీ నేను చేసిన తప్పు! పనిలోంచి ఒక్క గంట తియ్యకుండా, గంటలన్నీ నిద్రలోంచి తీశాను. తెల్లవారుజామున మూడింటికి లేచేదాన్ని. పుస్తకం బియ్యం డబ్బా వెనక పెట్టుకునేదాన్ని. డిస్క్రీట్ మేథమెటిక్స్ రెండుసార్లు తప్పాను. నాకిక బుర్ర లేదనుకున్నాను. లేనిది బుర్ర కాదండీ, నిద్ర!

ఒకరోజు సాయంత్రం పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి, గోడకి చేరబడి కునుకు తీశాను. పొగకి మెలకువ వచ్చేసరికి మా నాలుగేళ్ళ పిల్ల పీట లాక్కుని గట్టు ఎక్కబోతోంది. ఏమీ కాలేదు, భగవంతుడి దయ. ఆ రాత్రి మాత్రం అన్నాలయ్యాక అందరి ముందూ చెప్పేశాను: "రేపటినుంచి రాత్రి ఎనిమిది నుంచి పది దాకా నేను ఇంట్లో లేననుకోండి."

మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మావారు తోమిన గిన్నెలకి వారం రోజులు జిడ్డు వదల్లేదు. పిల్లల హోంవర్కు నోట్సుల్లో ఎర్ర సిరా గీతలు పెరిగాయి. నెల తిరిగేసరికి అన్నీ సర్దుకున్నాయి. మూడోసారి లెక్కలు పాసయ్యాను. మూడేళ్ళ చదువు ఐదేళ్ళకి పూర్తి చేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెప్పాను.

అందుకే మా మేడ మీద అమ్మాయితో ముందు సిలబస్ మాట ఎత్తలేదు. కాగితం, పెన్సిలు తెమ్మన్నాను. ఇద్దరం లెక్క వేశాం. మీరూ వేయండి.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అంటామే, ఒక క్రెడిట్‌కి 30 గంటల చదువని లెక్కగడుతుంది. పి.జి. కోర్సు 80 క్రెడిట్లనుకోండి. 2,400 గంటలన్నమాట. రెండేళ్ళలో ముగించాలంటే రోజుకి మూడుంపావు గంటలు. ఇల్లు, పిల్లలు, పండగలు ఉన్నవాళ్ళకి అది గొంతు మీద కత్తి. కానీ ఇగ్నోలో ఈ రెండేళ్ళ కోర్సుని నాలుగేళ్ళ దాకా సాగదీసుకోవచ్చు. రోజుకి రెండు గంటలు చదివితే 1,200 రోజుల్లో ఆ 2,400 గంటలూ పూర్తవుతాయి. నాలుగేళ్ళంటే 1,460 రోజులు. అంటే ఇంకా 260 రోజులు మిగిలాయి! సంక్రాంతికీ, దసరాకీ, పిల్లల జ్వరాలకీ, ఆడపడుచుగారి ఇంట్లో పెళ్ళికీ అన్నిటికీ కలిపి 260 రోజులు. ఇప్పుడు భయం తగ్గిందా? ఆ అమ్మాయికి తగ్గింది. "రెండు గంటలేనా!" అంది.

ఔను, రెండు గంటలే. కానీ రోజూ కావాలి, అవి మీవే అయి ఉండాలి.

ఇక కోర్సు సంగతులు. ఎమ్.సి.ఎ. 2020-21 విద్యాసంవత్సరం నుంచి రెండేళ్ళ కోర్సయింది. ఏ డిగ్రీ చదివినా ఇంటర్లోనో, డిగ్రీలోనో లెక్కలు ఒక సబ్జెక్టుగా ఉంటే మంచిది. బి.సి.ఎ. గానీ, కంప్యూటర్ సైన్సు డిగ్రీ గానీ లేనివాళ్ళు కొన్ని పునాది పేపర్లు అదనంగా రాయాల్సి ఉంటుంది. రోజూ కాలేజీకి వెళ్ళి చదవగలిగితే ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు. తర్కం, లెక్కలు, ఇంగ్లీషు, కాస్త కంప్యూటరు పరిభాష. ఇంటిపట్టున చదవాలనుకుంటే ఇగ్నో. అక్కడ వయసు పట్టింపు లేదు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చేర్చుకుంటారు. పరీక్షలు జూన్‌లోనూ, డిసెంబరులోనూ ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి.

"దూరవిద్య డిగ్రీకి విలువుంటుందా?" అని చాలామందికి అనుమానం. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ తీసుకున్న డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022లో స్పష్టం చేసింది. గుర్తింపు మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఫోనులో తియ్యగా మాట్లాడి "ఈ రోజే ఫీజు కడితే సగం తగ్గిస్తాం మేడమ్" అనేవాళ్ళ మాట విని డబ్బు కట్టకండి. మీరు చేరబోయే కోర్సుకి ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యు.జి.సి. దూరవిద్యా మండలి జాబితాలో మీ కళ్ళతో చూసుకున్నాకే కట్టండి.

"లెక్కలన్నీ మర్చిపోయాను పిన్నిగారూ" అంది ఆ అమ్మాయి. మర్చిపోవడం సహజం. సైకిలు తొక్కడంలాగే నాలుగు రోజులు తూలుతాం, తర్వాత పట్టు దొరుకుతుంది. నిజానికి ఇందులో సగం సంగతులు మన ఇంట్లో ఉన్నవే. పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చివర పెట్టింది ముందు చేతికొస్తుంది కదా, దాన్నే స్టాక్ అంటారు. రేషన్ షాపు దగ్గర ముందొచ్చినవాళ్ళకి ముందిస్తారే, అది క్యూ. వెయ్యి పేజీల నిఘంటువులో ఒక మాట కోసం మొదటి పేజీ నుంచి వెతుకుతామా? సరిగ్గా మధ్యకి తెరుస్తాం. మనకి కావాల్సింది ముందుందా, వెనకుందా చూసి సగం వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్ళీ సగం. అలా పదిసార్లలో కావాల్సిన పేజీ దొరుకుతుంది. వెయ్యి పేజీలకి పదే సార్లు! దీనికి బైనరీ సెర్చ్ అని పేరు. పేరు చూసి భయపడతాం గానీ, పనిచేసే తీరు తెలిస్తే ఇంతేనా అనిపిస్తుంది. అలాగని అన్నీ ఇంత తేలిగ్గా ఉంటాయని చెప్పను. ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్‌లు, డేటాబేస్‌లు కూర్చుని చదివితేగానీ రావు. ప్రోగ్రాములు మీ చేత్తో రాస్తేనే వస్తాయి. వంటల పుస్తకం చదివితే వంట రాదు కదా!

"ఇప్పుడు ప్రోగ్రాములన్నీ ఏఐ రాసేస్తోందిట, ఇంక మనమెందుకు?" అనడిగింది. మంచి ప్రశ్న. మిక్సీ వచ్చి రుబ్బే శ్రమ తగ్గించింది, పచ్చట్లో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం నాలుకే చెప్పాలి. యంత్రం రాసిన ప్రోగ్రాము సరైనదో కాదో చెప్పాలంటే విషయం తెలిసినవాళ్ళు కావాలి. అలాగని మొదటి మెట్టు ఉద్యోగాలకి పోటీ లేదని మాత్రం మభ్యపెట్టను.

ఉద్యోగం మాట వచ్చింది గనక ఉన్నదున్నట్టు చెప్తాను. 40వ ఏట పట్టా చేతికొస్తే కంపెనీలు గుమ్మంలో వరసకట్టవు. చాలా కంపెనీలు కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లల కోసం చూస్తాయి, చదువులో ఎడం ఉంటే ప్రశ్నలేస్తాయి. పాఠాలు చెప్పాలనుకునేవాళ్ళకి మరో దారి ఉంది. 55 శాతం మార్కులతో పి.జి. అయితే కంప్యూటర్ సైన్సులో నెట్ పరీక్ష రాయచ్చు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి వయోపరిమితి లేదు. ఇల్లు గడవడానికి వచ్చే నెలే డబ్బు కావాలన్నవాళ్ళకి మాత్రం ఇది దారి కాదు. అప్పు చేసి అసలు చేరొద్దు. పి.జి. తోటకూర మడి కాదు, మామిడి మొక్క. నీళ్ళు పోస్తూ కొన్నేళ్ళు ఆగాలి.

అసలు నాకు సరిపడుతుందా అన్న అనుమానం ఉందా? ఫీజు కట్టేముందు ఉచితంగా తేల్చుకోవచ్చు. స్వయం అని కేంద్రప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన వేదికలో ఐ.ఐ.టి. అధ్యాపకుల పాఠాలు ఫోనులోనే వినచ్చు. పాఠాలకి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్టు కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. ఏదైనా ఒక పన్నెండు వారాల ప్రోగ్రామింగ్ కోర్సు తీసుకోండి. మీరు చదవగలరో లేదో, ఇంట్లోవాళ్ళు ఆ రెండు గంటలూ మీకు వదలగలరో లేదో, రెండూ ఆ మూడు నెలల్లో తేలిపోతాయి. రెండోది తేలడమే ముఖ్యం సుమండీ!

ఇక అడగడం ఎలాగ? "కాస్త సాయం చేయండి" అని అడక్కండి. "కాస్త" అనే మాటకి గంటలూ నిమిషాలూ ఉండవు, వారం తిరిగేసరికి ఆవిరైపోతుంది. ఏ గంట, ఏ పని, ఎవరు అన్నది స్పష్టంగా చెప్పండి. "రాత్రి ఎనిమిది నుంచి పది. అంట్లు మీవి. పిల్లల లెక్కలు మీవి. మంచినీళ్ళ సీసాలు పిల్లాడు నింపుతాడు. అత్తయ్యగారికి మందులు పాప ఇస్తుంది." కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. గిన్నెకి జిడ్డు మిగిలితే మిగలనివ్వండి. లేచి వెళ్ళి మళ్ళీ తోమారో, ఆ పని జన్మకి మీదే! ఇంకో మాట, పుస్తకం బియ్యం డబ్బా వెనక దాచకండి. అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టండి. మీరు దాచినంతకాలం అది మీ సరదా. బల్ల మీద పెట్టిన రోజు నుంచి అది మీ పని.

మేడ మీద అమ్మాయి నిన్న మళ్ళీ వచ్చింది. ఇంట్లో అడిగిందిట. వాళ్ళాయన కాసేపు మౌనంగా ఉండి, "రోజూనా?" అన్నాట్ట. ఇది "రోజూ" అంది. అత్తగారు ఇంకా ఏమీ అనలేదుట. కానీ రాత్రి ఎనిమిదింటికి టీవీ శబ్దం మాత్రం తగ్గిందిట.

నాకు ఆ మాట చాలు. ఏం జరిగిందో మూడు నెలలయ్యాక చెప్తాను.

అన్నట్టు, వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి బీరువాలోంచి తీసిన సర్టిఫికెట్టు నాకు చూపించింది. కలరా ఉండల వాసన వేస్తోంది. "ఎండలో పెట్టకు, నీడపట్టున గాలికి పెట్టు" అన్నాను.

మీదెక్కడుందో ఓసారి చూసుకోండి. మళ్ళీ వారం కలుద్దాం.